కరెంటు స్తంభానికి ఎడమ పక్క

మా జట్టులో అందరూ పాసై వెళ్ళిపోతారు. నేనొక్కదాన్నే ఎప్పటికీ పాస్ కాను. అందుకే అందరికన్నా సీనియర్‌ని నేను.

పేరుకు క్లబ్బు, కానీ ఆడేవాళ్ళంతా యూనివర్సిటీ హాస్టల్ అమ్మాయిలే. వస్తారు, బంతి పట్టుకోవడం నేర్చుకుంటారు, సరిగ్గా చేతికి బంతి అలవాటయ్యే వేళకి చేతికి డిగ్రీ వస్తుంది. వేసవి రాగానే పెట్టెలూ బకెట్లూ ఆటోలో కుక్కుకుని సీతాఫల్‌మండి స్టేషన్‌కో బస్సులకో వెళ్ళిపోతారు. నేను తార్నాక గల్లీలో బ్లౌజులు కుట్టుకునేదాన్ని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి మిషను ముందు కూర్చున్నాను, ఇంకా లేవలేదు. పొద్దున పూట మాత్రం లేచి గ్రౌండుకి వెళ్తాను.

మేమాడే ఆట పేరు మా అత్తకి నోరు తిరగదు. "ఆ ఆస్ట్రేలియాది" అంటుంది, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు. ఫుట్‌బాల్ అనే అంటారు కానీ చేతులకీ కాళ్ళకీ సమానంగా పని. బంతి బొప్పాయికాయలా ఉంటుంది. నేల మీద పడితే ఎటు ఎగరాలో దానికే తెలియదు. దాన్ని విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి, లేదా కాలితో తన్నాలి. గ్రౌండుకి అటూ ఇటూ నాలుగేసి గుంజలు పాతుతాం. నడిమి రెండూ పొడుగువి, పక్కవి పొట్టివి. నడిమి వాటి మధ్యలోంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. తప్పు రాసినా ఒక మార్కు! నా బడిలో ఈ రూలు ఉండుంటే నేను పదో తరగతి దాకా పోయేదాన్ని.

గుంజలంటే వెదురు బొంగులే. టెంట్‌హౌస్ నుంచి తెస్తాం. ఆ టెంట్‌హౌస్ ఆయన ప్రతిసారీ అడుగుతాడు.

"పెండ్లెక్కడమ్మా?"

"పెండ్లి కాదన్నా. మమ్మల్ని కొడ్తరు. చూస్తానికి రా."

ఈ ఆటలోకి నన్ను లాగింది ఒక పొడుగుపిల్ల. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. మా షాపు గుమ్మంలోకి తల వంచకుండా వచ్చి, పైకమ్మీకి నుదురు కొట్టుకుని, అదే రోజూ జరిగే పని అన్నట్టు రుద్దుకుంటూ టేబుల్ మీద జెర్సీలు కుప్ప పోసింది.

"అక్కా, వీటికి చేతులు తీసెయ్యాలె."

"ఏం తప్పు చేసినయమ్మా?"

"మా ఆటకు గట్లనే ఏస్కుంటరు. చేతులు ఉండొద్దు."

"మరి తీసిన చేతులన్నీ నాకేనా? మా వీధిల పసిపిల్లలందరికీ లాగులైతయి."

ఆ పిల్ల నవ్వితే పైనుంచి కిందికి నవ్వేది. తల దగ్గర మొదలై భుజాల దాకా వచ్చి అక్కడ కాసేపు ఊగేది. జెర్సీలు ఇవ్వడానికి మర్నాడు గ్రౌండుకి వెళ్తే ఒక మనిషి తక్కువయ్యారు. "ఉత్తగ నిలబడక్కా, చాలు" అన్నారు. చున్నీ నడుముకి బిగించి నిలబడ్డాను. ఎక్కడినుంచో బంతి వచ్చి కడుపులో తగిలింది. భయంతో దాన్ని అక్కడే కావలించుకున్నాను.

"మార్క్! మార్క్!" అని అరిచింది పొడుగుపిల్ల.

గాలిలో దూరం నుంచి వచ్చిన బంతిని కింద పడకుండా పట్టుకుంటే మార్క్ అంటారట. అప్పుడు ఇంకెవరూ మనల్ని ముట్టుకోకూడదట. ఆగి, ఊపిరి తీసుకుని, ఎటు తన్నాలో చూసుకుని తన్నొచ్చట. నేను అటూ ఇటూ చూశాను. నిజంగానే అందరూ దూరంగా ఆగిపోయారు. నిలబడి ఆలోచించుకోమని నాకు ఇంట్లో ఎవరూ టైమివ్వలేదు, బడిలోనూ ఇవ్వలేదు. మర్నాడు పొద్దున పిలవకుండానే వెళ్ళాను.

ఆ పిల్ల పని గ్రౌండు నడిమధ్యన. ఆట మొదలైనప్పుడూ, గోల్ పడిన ప్రతిసారీ, అంపైర్ బంతిని అక్కడ పైకి ఎగరేస్తాడు. రెండు జట్ల నుంచి ఒక్కొక్కరు ఎగిరి దాన్ని తమవాళ్ళ వైపు తట్టాలి. పైన ఉన్నప్పుడు కళ్ళు బంతి మీదే ఉంటాయి. కింద ఎవరెక్కడున్నారో తెలియదు. అందుకని నేను ఆమె ఎడమ భుజం వెనక నిలబడి అరిచేదాన్ని.

"ఏయ్ కరెంటు స్తంభం, లైటిటెయ్యి!"

ఆమె చెయ్యి నా గొంతు వినపడిన వైపు తిరిగేది. బంతి వచ్చి నా ఒళ్ళో పడేది. రెండేళ్ళు ఇదే. "నవ్వొస్తే ఎగరలేనక్కా, వేరే మాట అను" అని ఒకసారి బతిమాలింది. సరేనని "ఏయ్ తాటిచెట్టూ" అన్నాను. బంతి అవతలివాళ్ళ చేతిలో పడింది. మళ్ళీ కరెంటు స్తంభానికే వచ్చాం.

ఓడిన రోజు చాయ్ నియమం కూడా ఆమె పెట్టిందే. గేటు దగ్గర చాయ్ బండి చుట్టూ నిలబడాలి. ఆ రోజు ఆటలో ఇంకొకరు చేసిన మంచి పని ఒకటి, ఒక్కొక్కరూ చెప్పాలి. తన గురించి తాను చెప్పుకోకూడదు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. చెప్పేదాకా గ్లాసు చేతికి రాదు. గెలిచిన రోజు ఏ నియమమూ లేదు, ఊరికే తాగొచ్చు.

మొదట్లో నేను "అవతలోళ్ళ బట్టలు మాయకుండ మంచిగ చూస్కున్నం" అనేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వి, గ్లాసు మాత్రం ఇచ్చేది కాదు.

"గది లెక్కల రాదక్కా. చూసింది చెప్పు."

చాయ్ చల్లారిపోతుంటే ఏం చేస్తాం? ఆడుతూనే వెతకడం అలవాటైంది. ఎవరు ఎవరికి అడ్డం నిలబడి దారిచ్చారు, ఎవరు పడ్డా బంతి వదల్లేదు, ఎవరు తమకు రాని బంతి కోసం కూడా చివరిదాకా పరిగెత్తారు. ఎక్కువ ఓడే జట్టులో ఉండటం వల్ల నాకు మనుషుల్ని చూడటం వచ్చింది.

పోయిన వేసవిలో జట్టులో సగానికి పైగా ఒకేసారి ఖాళీ అయ్యారు. పొడుగుపిల్లకి వేరే జిల్లాలో ఒక స్కూల్లో ఆటల టీచరు ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు ఆటో షాపు ముందు ఆపించి దిగింది.

"అక్కా, జట్టు ఆపకు."

"నేనాపేదేంది? స్తంభం నువ్వే పీక్కొని పోతున్నవ్."

నవ్వింది. నేనూ నవ్వాను. ఆటో మలుపు తిరిగాక లోపలికొచ్చి, ఎవరిదో పెళ్ళి బ్లౌజుకి రెండు ఎడమ చేతులు కుట్టాను.

వానలు తగ్గాక కొత్త అమ్మాయిలు వచ్చారు. కెప్టెన్‌గా పాతవాళ్ళలోనే మిగిలిన ఒకామెను పెట్టుకున్నాం. నల్లగొండ పిల్ల. పొట్టిది, గట్టిది, కబడ్డీ నుంచి వచ్చింది. ఎవరి కాలు కనపడినా పట్టేసుకుంటుంది. ఈ ఆటలో మోకాలి కింద పట్టుకోవడం తప్పు. ఆ సంగతి ఆమె చేతులకి ఇంకా తెలియదు. నా జోకులకి నవ్వదు. కొత్తవాళ్ళలో అందరికన్నా చిన్నది నల్లకుంట నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న బ్యాంకు ఉద్యోగి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. బంతి వస్తుంటే కళ్ళు మూసుకుని "వచ్చేస్తోందండీ బాబూ!" అని బంతికే చెప్పేది.

వరసగా ఓడిపోయాం. ఓడిపోవడం పెద్ద విషయం కాదు, ఒక్క గోల్ కూడా పడలేదు. మా స్కోరంతా పక్క సందుల ఒకట్లే. గోల్ పడితే గుంజల దగ్గర ఉండే అంపైర్ రెండు వేళ్ళు చూపిస్తాడు, గురి తప్పితే ఒక వేలు. మేం అటువైపు చూసినప్పుడల్లా ఒక్క వేలే. "ఆయనకు రెండో వేలు లేదేమోనే" అన్నాను. కెప్టెన్ నవ్వలేదు.

సాయంత్రాలు ఆమె నా షాపుకొచ్చేది. కటింగ్ టేబుల్ మీద నా సుద్దతోనే గ్రౌండు గీసేది. గుండీలు మేము, హుక్కులు అవతలివాళ్ళు.

"అందరం బంతెంట ఉరుకుతున్నమక్కా, బెల్లం మీద ఈగల లెక్క. ఇద్దరే పోవాలె. మిగిలినోళ్ళు ఎవరి జాగల వాళ్ళుండాలె."

"జాగల నిలబడితే నిద్రొస్తదే."

"మనకు లావు దూరం తన్నరాదు. అందుకే తన్నొద్దు. పిడికిలితోని దగ్గర దగ్గర పంపుకుందం. నడిమిట్ల పోతే వాళ్ళు గుంజుకుంటరు, గీత పక్కపొంటి పోదం. గెలుసుడు సంగతి ఇప్పుడొద్దు. ఒక్కో క్వార్టర్‌కు ఒక్క పని పెట్టుకుందం. ఫస్ట్‌ది, ఎవ్వలు కళ్ళు మూసుకోవద్దు."

"అంటే మెల్లగ ఓడిపోదమంటవ్."

"మెల్లగ ఓడితే నేర్చుకునేతందుకు టైముంటది" అంది, ఒక గుండీని జరుపుతూ. ఆ మాటకి నేను నవ్వలేదు. దారం కొరికి, ఆమె జరిపిన గుండీనే చూశాను.

నిజంగానే కొంచెం కొంచెం మారాం. కానీ చాయ్ బండి దగ్గర మంచి మాటలు ఎండిపోతున్నాయి. "ఇయాల ఎండ లేదు" అంది ఒకమ్మాయి. ఇంకొకామె గ్లాసు వద్దని వెళ్ళిపోయింది. చలికాలం మ్యాచ్‌లలో ఆఖరిదానికి ముందు కెప్టెన్ షాపుకొచ్చి, సుద్ద ముట్టుకోకుండా కూర్చుంది.

"ముగ్గురు వాలీబాల్‌కు పోతమంటున్నరక్కా. ఇయాల్టిదాంక ఒక్క గోల్ లేకపాయె, ఏం చూసి ఉండాలె అంటున్నరు. ఆదివారం గోల్ పడితే ఆగుతరు. లేకుంటే పోతరు. వాళ్ళు పోతే జట్టు నిండదు. ఇగ బందే."

జట్టు లేకపోతే హాస్టల్ పిల్లలకి వేరే ఆటలుంటాయి. నాకు? ఆ యూనివర్సిటీ గేటులోంచి లోపలికి వెళ్ళడానికి నాకున్న పని ఆ బంతి ఒక్కటే. చదువుకునేవాళ్ళ మధ్య చెట్ల కింద నడుచుకుంటూ వెళ్తుంటే, పొద్దున పూట ఒక గంట, ఎవరికీ నేను ఎనిమిదో తరగతి అని తెలియదు.

"ఆదివారం ఎవలతోనే?" అన్నాను.

చెప్పింది. పొడుగుపిల్ల ఆడుతున్న జిల్లా జట్టు. ఉద్యోగంలో చేరగానే వాళ్ళు ఎగరేసుకుపోయారట.

"ఆమె సంగతి నీకే తెలుసు. నడిమిట్ల ఆమెను ఎట్ల ఆపాలె?"

"ఆమెను ఆపలేం. నిచ్చెనేసుకొని ఎక్కినా అందదు."

అక్కడితో ఆపొచ్చు. ఆపితే ఆ కరెంటు స్తంభం మాట నా దగ్గరే ఉంటుంది. ఎక్కడో వేరే ఊళ్ళో వేరే జట్టులో ఆడుతున్నా, ఆ చెయ్యి ఇంకా నా గొంతు వైపే తిరుగుతుందని నేను నమ్ముకుని ఉన్నాను. మిషను తొక్కుతూ ఎన్నిసార్లు అనుకున్నానో ఆ సంగతి. ఒకసారి వాడితే ఆమెకి తెలిసిపోతుంది. తెలిశాక చెయ్యి మానుకుంటుంది.

కెప్టెన్ గుండీలన్నీ డబ్బాలో వేస్తోంది. ఒక్కొక్కటే, జాగ్రత్తగా, మళ్ళీ బయటికి తీయనన్నట్టు.

"గుండీలు తియ్యి" అన్నాను. "చెప్తా."

ఆదివారం పొద్దున వాళ్ళ బస్సు దిగి పొడుగుపిల్ల నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఎండకి నల్లబడింది. మెడలో ఈల వేలాడుతోంది, టీచరమ్మ కదా.

"అక్కా! బక్కగైనవేంది?"

"నువ్వు పోయినంక పైకి చూసి మాట్లాడే పని లేదు. మెడ సన్నబడ్డది."

అదే నవ్వు. తల నుంచి భుజాలకి. అది ఆగేదాకా చూసి, ఆ తర్వాత నేను నోరు మూసుకున్నాను. ఆటలో నాలుగు క్వార్టర్లుంటే మూడు క్వార్టర్లు మాట్లాడలేదు. నేను నిజంగా ఊరుకోగలనని అప్పటిదాకా మా జట్టుకే తెలియదు. "అక్కకి ఒంట్లో బాలేదాండీ?" అని చిన్నది కెప్టెన్‌ని అడుగుతుంటే విన్నాను. పొడుగుపిల్ల కూడా ఒకసారి వెనక్కి తిరిగి, "ఏందక్కా, గొంతు పోయిందా?" అంది. తల ఊపాను.

ఆమె ఎగిరిన ప్రతిసారీ బంతి ముందుకి, కుడి వైపుకి, వాళ్ళ మనిషి చేతిలోకి పోయింది. కొత్త జట్టులో కొత్త వాటం నేర్చుకుంది. మంచిదే. మేం గీత పక్కనే పాకుతూ, పిడికిళ్ళతో గుద్దుకుంటూ, మెల్లగా ఓడిపోతున్నాం. మళ్ళీ ఒకట్లే వచ్చాయి.

ఆఖరి క్వార్టర్‌లో వాళ్ళు ఇంకో గోల్ వేశారు. బంతి మళ్ళీ నడిమధ్యకి వచ్చింది. కెప్టెన్ నా వైపు చూసింది. నేను నడిచివెళ్ళి పొడుగుపిల్ల ఎడమ భుజం వెనక నిలబడ్డాను. ఆ జెర్సీ రంగు వేరే. కానీ ఆ భుజం కింద నా మీద పడే నీడ అదే. కాసేపు నాకు ఏ జట్టో గుర్తులేదు.

బంతి లేచింది. ఆమె లేచింది.

"ఏయ్ కరెంటు స్తంభం, లైటిటెయ్యి!"

చెయ్యి తిరిగింది. ఆలోచించుకుని కాదు, పాత ఇంట్లో చీకట్లో స్విచ్చు వెతుక్కోకుండా చెయ్యి వెళ్ళినట్టు. బంతి వచ్చి నా ఒళ్ళో పడింది.

అనుకున్నట్టే కెప్టెన్‌కి గుద్దాను. ఆమె గీత పక్కనుంచి ఉరికి, మీద ఇద్దరు పడుతుంటే గుంజల వైపు తన్నింది. అక్కడ ఉన్నది నల్లకుంట చిన్నది. కళ్ళు మూసుకుంది. బంతి వచ్చి గుండెకి తగిలితే కావలించుకుంది. అచ్చం నేను మొదటి రోజు పట్టుకున్నట్టే.

"మార్క్!" అని నేను, కెప్టెన్, టెంట్‌హౌస్ ఆయన, అందరం అరిచాం. అవును, ఆయన వచ్చాడు, తన బొంగులు చూసుకోవడానికి.

"ఆగు! ఎవ్వలు ముట్టరు! నిదానం" అంటోంది కెప్టెన్. చిన్నది కళ్ళు తెరిచింది. గుంజల్ని చూసింది. తన్నింది. బంతి వంకరగా, గింగిరాలు తిరుగుతూ, నడిమి బొంగుల్లో ఒకదాన్ని ఒరుసుకోబోయి మానుకుని, లోపలినుంచి పోయింది. అంపైర్ రెండు చేతులూ ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు.

మావాళ్ళంతా చిన్నదాని మీద పడ్డారు. నేను వెళ్ళలేదు. పొడుగుపిల్ల తన అరచేతిని చూసుకుంటోంది. తర్వాత నన్ను చూసింది.

"అక్కా... అందుకా ఇంతసేపు నోరు మూసుకున్నవ్?"

"మరేం చెయ్యాలెనే. ఇల్లు చీకటైంది."

నవ్వింది. ఈసారి నవ్వు భుజాల దాకా రాలేదు.

మళ్ళీ బంతి నడిమధ్యకి. మళ్ళీ అక్కడే నిలబడ్డాను. కెప్టెన్ నన్ను గీత పక్కకి రమ్మని చెయ్యూపుతోంది, ప్లాన్ అది. నేను వెళ్ళలేదు. బంతి లేవగానే మళ్ళీ అదే మాట అరిచాను. గోల్ కోసం కాదు. ఊరికే. ఆమె భుజం ఒక్క క్షణం ఇటు కదిలింది. చెయ్యి మాత్రం అటే పోయింది. బంతి ముందుకి, కుడి వైపుకి, వాళ్ళ మనిషి చేతిలోకి. మంచి దెబ్బ. నేర్చుకుంది.

బాగానే ఓడిపోయాం. చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. వాళ్ళ జట్టు బస్సు దగ్గర ఉంటే పొడుగుపిల్ల మాత్రం మా దగ్గరికి వచ్చి, గెలిచినవాళ్ళ హక్కుగా గ్లాసు తీసుకుంది. మావాళ్ళు ఒక్కొక్కరే చెప్పారు. కెప్టెన్ ఇవాళ ఎవరి కాలూ పట్టుకోలేదని ఒకరు. మీద ఇద్దరు పడుతున్నా నిలబడి తన్నిందని ఒకరు. వాలీబాల్ అన్న ముగ్గురిలో ఒకామె, తన వెనక ఎవరు అడ్డం నిలబడ్డారో చెప్పింది. చిన్నది చాలాసేపు ఆలోచించి, "అక్క మూడు క్వార్టర్లు మాట్లాడలేదండీ. అది ఎంత కష్టమో కదా" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. కెప్టెన్ కూడా. నేను మొదటిసారి చూశాను, ఆమెకి పళ్ళు బాగుంటాయి.

నా వంతు వచ్చింది.

"చూడకుండనే, ఉత్త గొంతు విని తట్టింది" అన్నాను. "ఇయాల గంతకన్న మంచి పని నేను చూడలే."

కెప్టెన్ గొంతు సవరించుకుంది.

"అక్కా, అవతలి జట్టోళ్ళది చెప్పొద్దు గదా."

"రూల్ల గట్ల లేదు."

అందరూ రూలు పెట్టినామె వైపు చూశారు. ఆమె గ్లాసులోకి చూస్తూ ఉంది. ఒక గుక్క తాగింది.

"చెల్లదక్కా" అంది మెల్లగా. "మీవోళ్ళది చెప్పు."

మీవోళ్ళది. నేను మావాళ్ళ వైపు తిరిగాను. చిన్నది జెర్సీకి అంటిన మట్టి గీరుకుంటోంది.

"ఈ పిల్ల పట్టేటప్పుడు కళ్ళు మూసుకున్నది గని, తన్నేటప్పుడు తెరిచింది" అన్నాను.

పొడుగుపిల్ల తనే గ్లాసు అందుకుని నా చేతిలో పెట్టింది. చాయ్ అప్పటికే చల్లారింది. బస్సు హారన్ కొట్టారు. తల వంచి ఎక్కింది. ఇప్పుడు వంచడం కూడా వచ్చింది. కిటికీలోంచి చెయ్యూపితే నేను గ్లాసు ఎత్తి చూపించాను.

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడవలేదు. గ్రౌండు దగ్గరికి వెళ్తూ, ఎవరూ ఉండకపోతే వాకింగ్‌కి వచ్చినదానిలా ఇంకో గేటులోంచి వెళ్ళిపోదామని దారి చూసుకున్నాను. మంచులో ముందు కెప్టెన్ ఈల వినపడింది. తర్వాత "వచ్చేస్తోందండీ బాబూ!" అని వినపడింది. వాలీబాల్ ముగ్గురిలో ఇద్దరు వచ్చారు. ఒకామె రాలేదు. అవతల నెట్టు దగ్గర దూకుతూ కనపడింది. పర్వాలేదు, జట్టు నిండుతుంది. వేసవి దాకా.

ఇన్నాళ్ళూ నడిమధ్యన ఎగిరింది వాలీబాల్‌కి పోయిన ఆమే కాబట్టి, ఇక కెప్టెనే ఎగురుతానంది. నేను వెళ్ళి ఆమె ఎడమ భుజం వెనక నిలబడ్డాను. నీడ లేదు. ఆమె భుజం మీదుగా అవతలి చెట్లన్నీ కనపడుతున్నాయి.

"నువ్వేదో అరవాలె గదక్కా" అంది వెనక్కి తిరగకుండా. "నాకేం మాట?"

నోటికి మొదట వచ్చిన మాటని మింగేశాను. బంతి లేచింది.

"ఏయ్ కుక్కర్, విజిలెయ్యి!"

ఎగురుతూనే ఆమెకి నవ్వొచ్చింది. చెయ్యి బంతికి సగమే తగిలింది. అది కుడి వైపు ఎక్కడో పడి, ఎటు పోవాలో తెలియక రెండుసార్లు ఎగిరి ఆగింది.

"ఎడమ పక్కకే" అన్నాను. "నేనీడున్న. మళ్ళ ఎగరెయ్యిరి."